మినీ రోలర్ కోస్టర్ లూప్ దాటట్లేదు, లిఫ్ట్ ఎత్తు పెంచాలా? – నా సమాధానం

ప్రశ్న రెండుసార్లు చదివా తమ్ముడూ, అన్నా అని అడిగావు కాబట్టి నువ్వు అనే అంటున్నా. తర్వాత వచ్చి చదివేవాళ్ళకి అర్థమవ్వాలి కదా, అందుకని నీ సంగతి ముందు రెండు ముక్కల్లో రాస్తా. మూడు ఎంఎం రాగి తీగతో పట్టాలు సోల్డర్ చేశావు, బండి త్రీడీ ప్రింట్ చేసి బేరింగులు పెట్టావు, లిఫ్ట్ హిల్, అంటే బండిని మొదట పైకి లాగే గుట్ట, 70 సెంటీమీటర్లు, అక్కడి నుంచి కిందకి 5 సెంటీమీటర్ల దాకా డ్రాప్, ఆ తర్వాత నేల మీదే పడుకున్నట్టు ఉన్న ఫ్లాట్ యూటర్న్, దాని తర్వాత 30 సెంటీమీటర్ల గుండ్రటి లూప్. బండి లూప్ సగం పైకెక్కి ఆగిపోయి వెనక్కి జారుతోంది, లిఫ్ట్ ని మీటరు చేస్తే సరిపోద్దా అని నీ ప్రశ్న.

వద్దు. ఎత్తు ముట్టుకోకు.

ఎందుకో చెప్తా. లూప్ పైకి కూడా చేరట్లేదు అంటే లూప్ మొదట్లో నీ బండి దగ్గర 30 సెంటీమీటర్ల ఎత్తుకి సరిపడా ఊపు కూడా లేదు అన్నమాట. కానీ అది 65 సెంటీమీటర్లు కిందకి దిగి వచ్చింది. మధ్యలో 35 సెంటీమీటర్ల పైనే ఎక్కడో పోయింది, అది ఎక్కడ పోయిందో కనిపెట్టకుండా పైన ఇంకో 30 పోస్తే అదీ అక్కడే పోద్ది. నేను ఈ హాబీ మొదలుపెట్టిన కొత్తలో సరిగ్గా ఇదే చేశా, 60 ఉన్నదాన్ని 90 చేశా, 90 ని 120 చేశా, చివరికి స్టాండు ఊగడం మొదలైంది, బండి మాత్రం అదే చోట ఆగింది. రెండు నెలలు పోయాయి నాకు అందులో. నీకు పోకూడదనే ఇంత రాస్తున్నా.

దొంగ నీ యూటర్న్ లో ఉంది. ఫొటోలో చూశా, సైడ్ కి బేరింగులు లేవు, ప్లాస్టిక్ పిన్నులు పట్టాని రాసుకుంటూ పోతున్నాయి. దీని లెక్క ఒకసారి అర్థమైతే ఇక జీవితాంతం పనికొస్తుంది కాబట్టి కొంచెం ఓపిగ్గా చదువు. మలుపులో బండిని పక్కకి తోసే బలం, దాని బరువుకి ఎన్ని రెట్లు అంటే, రెండు ఇంటూ దిగిన ఎత్తు బై మలుపు రేడియస్. అంతే, ఇంకేం లేదు. నువ్వు 60 సెంటీమీటర్లు దిగి 20 సెంటీమీటర్ల రేడియస్ మలుపు తిరిగావనుకో, 120 బై 20, ఆరు రెట్లు. 150 గ్రాముల బండి పక్కకి 900 గ్రాముల బలంతో నొక్కుతోంది, ఆ బలమంతా ప్లాస్టిక్ పిన్నుల మీద పడుతోంది. పెద్ద రేడియస్ పెడితే బలం తగ్గుద్ది కదా అంటావు, తగ్గుద్ది, కానీ అంత దూరం ఎక్కువ రాసుకుంటుంది, రెండూ కొట్టేసుకుంటాయి. అంటే మలుపులో పోయే ఊపు రేడియస్ మీద ఆధారపడదు, ఎన్ని డిగ్రీలు తిరిగావు, రాపిడి ఎంత, ఈ రెండిటి మీదే ఆధారపడుద్ది. నాకు ఇది కాగితం మీద తేలిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు, అంతకు ముందు చేసిన మోడల్స్ అన్నీ ఎందుకు ఆగాయో వరసగా అర్థమవుతూ పోయింది.

అంకెల్లో చెప్పాలంటే, మంచి బేరింగు చక్రాల మీద రాపిడి నూటికి ఒకటి, అంటే నొక్కే బలంలో నూరో వంతు అడ్డుపడుద్ది అనుకుంటే 180 డిగ్రీల మలుపులో పోయేది సుమారు 6 శాతం ఊపు. నూటికి మూడు అయితే 17 శాతం దాకా. అదే ప్లాస్టిక్ లోహం మీద జారుతూ నూటికి ఇరవై అయితే 70 శాతం పైన పోద్ది. నీ 65 లో 70 శాతం తీసేస్తే మిగిలేది 20 లోపే. లూప్ సగం దాకా ఎక్కి ఆగడం అంటే అదే కదా. నీ బండి లెక్క తప్పలేదు తమ్ముడూ, పాపం అది చెయ్యగలిగినంత చేసింది.

ఇప్పుడు ఏం చెయ్యాలంటే, ట్రాక్ పక్కన పెట్టు, ముందు బండి. నేను ఎవరికి చెప్పినా ఇదే మాట, బండి ముందు ట్రాక్ తర్వాత. అందరూ ట్రాక్ తోనే మొదలుపెడతారు ఎందుకంటే చూడ్డానికి అదే అందంగా ఉంటది, బండి చివర్లో ఏదో ఒకటి అతికిస్తారు. తప్పు.

ఒక మీటరు తిన్నటి పట్టా చేసుకో, అచ్చం నీ ట్రాక్ లాంటిదే, అదే గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం), అదే తీగ. టేబుల్ మీద పెట్టి లెవెల్ చూసుకో, ఫోన్ లో ఉండే లెవెల్ యాప్ చాలు. ఒక చివర కింద అట్టముక్కలు ఒక్కొక్కటే పెడుతూ పో, ప్రతిసారి బండిని వేలితో చిన్నగా కదిపి వదులు. బండి ఆగకుండా, స్పీడ్ పెరక్కుండా, ఒకే వేగంతో చివరిదాకా వెళ్ళే ఎత్తు ఒకటి దొరుకుద్ది. ఆ ఎత్తు 3 సెంటీమీటర్లు అయితే నీ బండి ప్రతి మీటరుకీ 3 సెంటీమీటర్లు తింటుంది, అంటే రాపిడి నూటికి మూడు. 1 అయితే నూటికి ఒకటి. పక్కన కూడా బేరింగు చక్రాలే పెట్టాక తిన్నటి ట్రాక్ కి, మలుపులకి, లూప్ కి, అన్నిటికీ ఇదే అంకె. దీన్ని గోడ మీద రాసి పెట్టుకో.

మొదటిసారి కొలిస్తే చాలామందికి మూడూ నాలుగూ వస్తది, కంగారు పడొద్దు, దాన్ని దించొచ్చు. కొత్త బేరింగులో గ్రీజు నిండా ఉంటది, అది పెద్ద మిషన్లకి మంచిదే కానీ మన 150 గ్రాముల బండికి బురదలో నడిచినట్టు ఉంటది. 623 జెడ్‌జెడ్ అని అడుగు, లోపల 3 ఎంఎం, బయట 10 ఎంఎం, వెడల్పు 4, త్రీడీ ప్రింటర్ వాళ్ళు వాడేదే కాబట్టి ఎక్కడైనా దొరుకుద్ది, హైదరాబాద్ లో అయితే రాణిగంజ్ లో బేరింగ్ షాపులు చూడు, మోటార్లు స్విచ్చులు లాంటివి కోఠి గుజరాతీ గల్లీలో. తెచ్చాక చిన్న సీసాలో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి అందులో బేరింగులు వేసి బాగా గిలక్కొట్టి, ఆరబెట్టి, మళ్ళీ ఒకసారి అలాగే చెయ్యి. కిటికీలు తీసి పెట్టుకో, దగ్గర్లో స్టవ్ గానీ సోల్డరింగ్ ఐరన్ గానీ ఉండకూడదు. తర్వాత కుట్టు మిషన్ ఆయిల్ ఒక్క చుక్క, సూది మొనతో. అంతే, వేలితో తిప్పితే అప్పటిదాకా రెండు చుట్లు తిరిగి ఆగింది ఇప్పుడు తిరుగుతూనే ఉంటది, ఆ సన్నటి గిర్రుమనే శబ్దం వింటే నాకు ఇప్పటికీ మనసు హాయిగా ఉంటది.

చక్రాలు ఒక్కో పక్క మూడు రకాలు ఉండాలి, పైన నడిచేవి, పక్కన ఆనేవి, కింద నుంచి పట్టుకునేవి. నీ బండికి కింద చక్రాలు ఉన్నాయి కాబట్టే లూప్ సగంలో ఆగినా ఊడి పడకుండా జారుతోంది, అది మంచి పని చేశావు. ఈ కింద చక్రం 1919 లో జాన్ మిల్లర్ అనే అమెరికన్ డిజైనర్ పేటెంట్ చేసింది, అది వచ్చాకే నిజం కోస్టర్లు నిటారుగా దూకే ధైర్యం చేశాయి. మనకి కావాల్సిన జాగ్రత్త ఏంటంటే ఈ కింద చక్రానికీ పట్టాకీ మధ్య అర ఎంఎం నుంచి ఒక ఎంఎం సందు ఉండాలి, బిగుతుగా పెడితే రెండు వైపులా నొక్కుతూ బ్రేకు వేసినట్టే. పక్క చక్రాలకీ అంతే. సందు ఉంటే బండి లూజుగా అనిపించి భయమేస్తది కానీ ఊగడం వేరు, ఇరుక్కోవడం వేరు. అయితే సందు పెట్టాక పట్టాల మధ్య గేజ్ ఒకే రకంగా లేకపోతే మళ్ళీ మొదటికి వస్తది. చిన్న ఇత్తడి ముక్కని సరిగ్గా గేజ్ కొలతకి అరగదీసుకుని ట్రాక్ పొడుగునా తోసుకుంటూ పో, ఎక్కడ పట్టేస్తే అక్కడ సోల్డర్ కరిగించి మళ్ళీ అతుకు. విసుగు పనే, నేను ఒక ట్రాక్ కి మూడు సాయంత్రాలు దీని మీదే కూర్చుంటా.

తీగ గురించి ఒక మాట. చుట్ట విప్పిన తీగ ఎంత చేత్తో సరిచేసినా అలలు అలలుగా ఉంటది, బండి దాని మీద వణుకుతూ పోద్ది. ఒక కొన వైస్ లో బిగించి ఇంకో కొన డ్రిల్ మిషన్ చక్ లో పెట్టి గట్టిగా లాగి పట్టుకుని నెమ్మదిగా కొన్ని చుట్లు తిప్పు, కడ్డీలా తిన్నగా అయిపోద్ది. కళ్ళద్దాలు తప్పనిసరి, తెగితే కొరడాలా వస్తది. సోల్డరింగ్ కి 25 వాట్ల ఐరన్ చాలదు, మూడు ఎంఎం రాగి వేడినంతా లాగేసుకుంటుంది, పైకి అతికినట్టు కనిపించి నాలుగు రౌండ్లు తిరిగాక ఊడుద్ది, కనీసం 60, కుదిరితే 100 వాట్లది. రెండు పట్టాల అతుకులూ ఎప్పుడూ ఎదురెదురుగా రాకూడదు, ఒకటి ఇక్కడ ఉంటే ఇంకోటి జానెడు దూరంలో ఉండాలి. లూప్ లో మాత్రం అతుకే వద్దు, పొడుగు తీగ ఒకటే వాడు.

ఇక మలుపు. ఫ్లాట్ గా ఉంచొద్దు, వంచు. బ్యాంకింగ్ అంటే అందం కోసం కాదు, పక్క చక్రాల మీద పడే బలాన్ని పట్టా పైన నడిచే చక్రాల మీదకి తేవడం కోసం. కోణం ఎంత అంటే ఇందాకటి ఫార్ములానే, ఆరు రెట్లు వచ్చింది కదా, క్యాలిక్యులేటర్ లో దాని టాన్ ఇన్వర్స్ కొట్టు, 80 డిగ్రీలు వస్తది. అంటే ట్రాక్ దాదాపు గోడలా నిలబడాలి. నమ్మబుద్ధి కాదు కానీ అంతే. అంత అక్కర్లేదు అనుకుంటే మలుపుని కిందే పెట్టకుండా కొంచెం పైకి ఎక్కించి పెట్టు, డ్రాప్ మొదలయ్యే చోటికీ మలుపుకీ మధ్య ఎత్తు తేడా 20 ఉండి రేడియస్ 20 అయితే రెండు రెట్లే, 63 డిగ్రీలు చాలు. నెమ్మదిగా ఉన్నప్పుడే తిప్పుకో అని నేను చెప్పేది అందుకే, ఊపు నష్టం కూడా అంత తగ్గుద్ది. నిజం కోస్టర్లలో కూడా ఇదే లెక్క, నిష్పత్తులు అలాగే ఉంచి ఎంత చిన్నది చేసినా రెట్లు మారవు, నువ్వు చేసే అరచేతి బండి కూడా లోపల ఎవరైనా కూర్చుంటే పెద్దదానిలో పడే ఒత్తిడే పడుద్ది. మారేది రాపిడి ఒక్కటే, చిన్న చక్రాలు, చిన్న బేరింగులు, అందుకే పెద్దది నకలు కొట్టినా మనది నడవదు, మనది మనం లెక్కేసుకోవాలి.

లూప్ గుండ్రంగా చేశావు, దాన్ని కోసెయ్. బాధగానే ఉంటది, అంత నున్నగా వంచావు, కానీ కోసెయ్. 1895 లో న్యూయార్క్ కోనీ ఐలాండ్ లో ఫ్లిప్ ఫ్లాప్ అని ఒక కోస్టర్ పెట్టారు, నీలాగే నిండు గుండ్రటి లూప్, ఎక్కినవాళ్ళ మెడలు పట్టేసేవి. ఎందుకంటే గుండ్రటి లూప్ లోకి దూరగానే కింద ఒక్కసారిగా బలం మీద పడుద్ది. రాపిడి అసలు లేదనుకున్నా పైన ఊడకుండా తిరగడానికి సరిపడా ఊపుతో వస్తే కింద ఆరు రెట్లు. 1976 లో కాలిఫోర్నియా మ్యాజిక్ మౌంటెన్ లో రెవల్యూషన్ వచ్చింది, వెర్నర్ స్టెంగెల్ అనే జర్మన్ ఇంజనీర్ దానికి కన్నీటి బొట్టు ఆకారంలో లూప్ గీశాడు, కింద వెడల్పు ఒంపు, పైన బిగుతు ఒంపు, అప్పటి నుంచి అందరూ అదే దారి.

నీ ట్రాక్ మీద లెక్క చూడు. లూప్ మొదట్లో బండికి 45 సెంటీమీటర్ల ఊపు మిగిలింది, లూప్ ఎత్తు 30 అనుకుందాం. గుండ్రంగా 15 రేడియస్ తో చేస్తే కింద ఏడు రెట్లు, పైన ట్రాక్ ని నొక్కే బలం ఒక్క రెట్టే. కింద రేడియస్ 25, పైన 10 పెడితే కింద నాలుగున్నర, పైన రెండు రెట్లు. కింద ఒత్తిడి తగ్గింది, పైన పట్టు పెరిగింది, రెండు చోట్లా లాభం. ఇంకోటి ఎవరూ చెప్పనిది, ఊపు పోయేది తిరిగిన డిగ్రీల్ని బట్టి అన్నాను కదా, బొట్టు ఆకారంలో బండి ఎక్కువ డిగ్రీలు తిరిగేది పైన, అప్పటికే నెమ్మదించి ఉంటది కాబట్టి నష్టం తక్కువ. గీయడానికి గణితం అక్కర్లేదు, ఒక పొడుగు స్టీల్ స్కేలు తీసుకుని ప్లైవుడ్ మీద మేకుల మధ్య వంచు, దాని అంతట అదే ఎక్కడా కుదుపు లేని ఒంపు ఇస్తది, పెన్సిల్ తో గీసి దాని వెంట మేకులు కొట్టి తీగ వంచుకో. లూప్ లోకి వచ్చే దారి, పోయే దారి పక్కపక్కన ఉండాలి కాబట్టి బండి వెడల్పుకి ఇంకో రెండు సెంటీమీటర్లు కలిపి పక్కకి లాగు.

ఒక్క బండి బదులు మూడు కలిపి ట్రైన్ చెయ్యొచ్చా అని కింద కామెంట్లలో ఎవరో అడిగారు, చెయ్యండి, నిజానికి లూప్ కి అదే మంచిది. పొడుగు ట్రైన్ మొత్తం ఒకేసారి పైన ఉండదు, కొంత పైన కొంత కింద ఉంటది కాబట్టి మధ్యస్థంగా ఎక్కాల్సిన ఎత్తు తగ్గుద్ది. కాకపోతే బండ్ల మధ్య లింకు అన్ని వైపులా తిరగాలి, చిన్న ఇత్తడి గొలుసు లింకులు రెండు చాలు. బరువు కోసం లోపల స్టీల్ నట్లు వేసుకోండి, కిందకి, మధ్యకి వచ్చేలా. బరువు పెరిగితే బేరింగు పట్టు, గాలి లాంటి చిన్న నష్టాల వాటా తగ్గుద్ది, మరీ ఎక్కువైతే ట్రాక్ ఊగి అక్కడ పోద్ది. ట్రాక్ ఊగుతుందో లేదో బండి వెళ్ళేటప్పుడు స్తంభం మీద వేలు పెట్టి చూడు, వేలికి తెలిసిపోద్ది, ఆ వణుకు కూడా నీ ఊపులోంచే పోతోంది.

లిఫ్ట్ కి ఎన్20 గేర్ మోటారు, 60 ఆర్‌పీఎం ది సరిపోద్ది, చైను సెకనుకి ఎనిమిది సెంటీమీటర్ల చిల్లర నడిచేలా స్ప్రాకెట్ (చైను తిప్పే పళ్ళ చక్రం) చూసుకో. వెనక్కి జారకుండా పంటి పట్టీ, బండి కింద ఊగే చిన్న పిన్ను. ఆ టక్ టక్ శబ్దం వచ్చేది అందులోంచే, దాన్ని ఆపడానికి రబ్బరు పెట్టకు, అది ఉంటేనే కోస్టర్. చివర్లో బ్రేకుకి నియోడిమియం అయస్కాంతాలు ట్రాక్ కి రెండు పక్కలా, బండి కింద 2 ఎంఎం అల్యూమినియం పలక, తగలకుండానే బ్రేకు వేస్తది, పెద్ద కోస్టర్ల పద్ధతే. పూర్తిగా ఆపదు, నెమ్మదింపజేస్తది, ఆఖరి నాలుగు వేళ్ళ దూరంలో స్పాంజి పెట్టుకో.

పీఎల్‌ఏ (త్రీడీ ప్రింటర్ లో వాడే మామూలు ప్లాస్టిక్) తో ట్రాక్ ప్రింట్ చేద్దామనుకునేవాళ్ళకి ఒక హెచ్చరిక, అది 60 డిగ్రీల దగ్గర మెత్తబడుద్ది. మన దగ్గర మే నెలలో ఎండలో ఆపిన కారులో పెడితే చాలు, నేను ఎగ్జిబిషన్ కి తీసుకెళ్తూ భోజనానికి కారు ఆపి వచ్చేసరికి స్టేషన్ పట్టా మొత్తం వాలిపోయి ఉంది. బండి బాడీకి పర్లేదు, బరువు మోసే వాటికి పీఈటీజీ అనే ప్లాస్టిక్ వాడండి.

ఇవన్నీ వద్దు ముందు ఒకటి పెట్టి చూసుకుంటా అనేవాళ్ళకి లెగో 10303 లూప్ కోస్టర్ అని 2022 లో ఒకటి వచ్చింది, 3,756 ముక్కలు, రెండు లూపులు, ఖరీదు చాలా ఎక్కువ. కెనెక్స్ అనే బొమ్మల కిట్ అయితే చేతికి అందుద్ది, స్తంభాలు ఎలా నిలబెట్టాలో దాంతో బాగా అర్థమవుద్ది. కంప్యూటర్ మీద గీసుకునేవాళ్ళు నోలిమిట్స్ వాడండి, ఏ మలుపులో ఎన్ని రెట్లు పడుతుందో చూపిస్తది, కానీ దాని రాపిడి పెద్ద కోస్టర్ ది, మనది కాదు, అది గుర్తుపెట్టుకోండి. హైదరాబాద్ వాళ్ళు వండర్లాలో రికాయిల్ అనే కోస్టర్ ఎక్కకపోయినా ఒక గంట కింద నిలబడి చూడండి, అది ముందుకెళ్ళి మళ్ళీ అదే దారిలో వెనక్కి వస్తది, అవతలి చివరకి చేరేసరికి మొదటి ఎత్తు కంటే ఎంత కింద ఆగుతుందో, అక్కడి నుంచి దాన్ని మళ్ళీ ఎలా పైకి లాగుతారో చూడండి. అంత పెద్ద బండికి కూడా ఊపు పోవడం కంటికి కనిపిస్తది.

వీడియో తీసేటప్పుడు చిన్న మోడల్ బొమ్మలా గబగబా పోయినట్టు ఉంటది కదా, దానికో లెక్కుంది. స్కేల్ 1:64 అయితే కాలం దాని వర్గమూలం అంత, అంటే ఎనిమిది రెట్లు, వేగంగా నడుస్తది. ఫోన్ లో 240 ఫ్రేముల స్లో మోషన్ తీసి 30 లో ప్లే చేస్తే సరిగ్గా ఎనిమిది రెట్లు నెమ్మదిస్తది, అప్పుడు చూడు, నీ టేబుల్ మీద బండి కొండంత కోస్టర్ లా బరువుగా శిఖరం మీద నుంచి ఒరుగుద్ది.

తమ్ముడూ, ముందు ఆ మీటరు పట్టా పని చెయ్యి. బేరింగులు కడగక ముందు ఒక అంకె, కడిగాక ఒక అంకె, రెండూ ఇక్కడ రాయి, బండి బరువు కూడా. అవి వస్తే నీ 70 సెంటీమీటర్ల లిఫ్ట్ తోనే లూప్ ఎంత పెట్టొచ్చో, దాని తర్వాత ఇంకో హిల్ కి చోటుందో లేదో కూర్చుని లెక్కేద్దాం.